ముఖం ఎవరికి చూపాలి, ఎక్కడ చూపాలి: హనుమకొండలోని ఒక బ్యాంకు శాఖ సేవలపై సమీక్ష

హనుమకొండలో రద్దీగా ఉండే ఒక రోడ్డు మీద ఉన్న బ్యాంకు శాఖకు ఈ వేసవిలో నేను మూడుసార్లు వెళ్లవలసి వచ్చింది. ఏప్రిల్ చివరి వారంలో ఒకసారి, మే నెల మధ్యలో ఒకసారి, జూన్ మొదటి వారంలో ఇంకొకసారి. ఆ శాఖ పేరు ఇక్కడ రాయడం లేదు. నేను చెప్పబోయే లోపాలు ఆ ఒక్క శాఖకు మాత్రమే ఉన్నవి కావు, పేరు రాస్తే మాటంతా ఆ పేరు చుట్టే తిరిగి అసలు విషయం పక్కకు పోతుంది. ఖాతాదారు ఎవరో సరిచూసుకునే పనిని ఆ శాఖ ఎట్లా చేస్తున్నది, ఆ పనిలో మనిషికీ మనిషికీ మధ్య తేడా ఎందుకు కనబడుతున్నది అన్నదే ఈ సమీక్షకు విషయం.

ముందుగా మంచి చెబుతాను. శాఖ శుభ్రంగా ఉంటుంది. టోకెన్ యంత్రం పనిచేస్తుంది, తెరమీద వచ్చే నంబరును తెలుగులో పిలుస్తుంది. ఎండలో వచ్చిన వారికి చల్లని మంచినీళ్లు ఉన్నాయి, కుర్చీలు సరిపడా ఉన్నాయి. నా సొంత పని, అంటే నా ఖాతా కేవైసీ వివరాలు (ఖాతాదారు ఎవరో, ఎక్కడ ఉంటారో చూపే వివరాలు) మళ్లీ ఇచ్చే పని, మొదటి రోజే పది నిమిషాల్లో అయిపోయింది. నా ఒక్కదాని పని వరకే వెళ్లి ఉంటే ఐదుకు నాలుగు నక్షత్రాలు ఇచ్చి ఊరుకునేదాన్ని.

కానీ ఆ రోజు నేను ఒంటరిగా వెళ్లలేదు. మా పొరుగింటి ఖాలా నాతో వచ్చారు. ఆమెకు అరవై దాటాయి, భర్త పోయి చాలా ఏళ్లయింది. రాష్ట్ర ప్రభుత్వ ఆసరా పథకం కింద వచ్చే వితంతు పింఛను, నెలకు 2,016 రూపాయలు, ఆ ఖాతాలోనే పడుతుంది. 2015లో జన్ ధన్ కింద తెరిచిన ఖాతా అది. తక్కువ ముప్పు ఉన్న ఖాతాలకు పదేళ్లకు ఒకసారి కేవైసీ వివరాలు తాజా చేసుకోవాలని రిజర్వు బ్యాంకు నిబంధన కనుక, 2014, 2015 సంవత్సరాల్లో తెరిచిన జన్ ధన్ ఖాతాలన్నిటికీ దాదాపు ఒకేసారి గడువు వచ్చింది. ఆ రద్దీని తట్టుకోవడానికే 2025 జూలై నుంచి పంచాయతీల్లో ప్రత్యేక శిబిరాలు కూడా పెట్టారు. నగరంలో ఉండే ఖాలాకు ఆ శిబిరాల సంగతి తెలియదు. ఆమె బటన్ల ఫోనుకు ఇంగ్లీషులో ఏవో మెసేజీలు వచ్చాయి, ఆమె వాటిని కంపెనీ ప్రకటనలు అనుకున్నారు. ఒక నెల పింఛను తీసుకోబోతే ఖాతా ఆగిపోయిందని తెలిసింది.

ఖాలా బయటికి వచ్చినప్పుడు నఖాబ్ వేసుకుంటారు. మా వీధిలో ముఖం కప్పుకోని ముస్లిం స్త్రీలూ ఉన్నారు, కప్పుకునే వారూ ఉన్నారు, ఒకే ఇంట్లో రెండు రకాల వారూ ఉన్నారు. ఖాలా పెళ్లయిన నాటి నుంచీ వేసుకుంటున్నారు. ఆమెకు అది చీర కొంగు వంటిదే.

బ్యాంకు అద్దాల తలుపు మీద ఒక కాగితం అంటించి ఉంది: హెల్మెట్, స్కార్ఫ్, ముఖముసుగు తొలగించి లోపలికి రావలెను. ఆ రాత మీద నాకు అభ్యంతరం లేదు. మేము మెట్లెక్కుతుండగా మా ముందు ఇద్దరు కాలేజీ అమ్మాయిలు స్కూటీ దిగి వచ్చారు. ఇద్దరూ చున్నీలు తలచుట్టూ తిప్పి, కళ్లు మాత్రమే కనబడేలా కట్టుకుని, పైన చలువ కళ్లద్దాలు పెట్టుకుని ఉన్నారు. వరంగల్ ఎండల్లో బండి నడిపే ఆడపిల్లలందరూ అట్లాగే కట్టుకుంటారు, లేకుంటే మొహం కమిలిపోతుంది. గార్డు వారికి తలుపు తెరిచి పట్టుకున్నాడు. వారి వెనుక ఒక రైతు, బహుశా ఎనుమాముల మార్కెట్లో మిర్చి అమ్ముకుని వచ్చినవాడు, ఎర్రటి దుమ్ము పట్టిన తువ్వాలను ముక్కు మీదుగా చుట్టుకుని అట్లాగే లోపలికి పోయాడు. తరువాత నేను వెళ్లాను. నా వెనుక ఖాలా అడుగు పెట్టబోతుంటే గార్డు చెయ్యి అడ్డం పెట్టాడు.

"అమ్మా, అది తీసి లోపలికి పోవాలె."

ఖాలా నెమ్మదిగానే చెప్పారు. "బేటా, లోపల మేడం ఎవరన్న ఉంటే వాళ్లకు చూపిస్తా. ఈడ మెట్ల మీద వద్దు."

"లోపల గాదు, ఈడనే. పైన కెమెరా ఉంది, దానికి కనబడాలె."

నేను వెనక్కి వచ్చి అడిగాను. "అన్నా, ఇప్పుడే ఇద్దరు పిల్లలు స్కార్ఫులతోనే పోయిండ్రు కదా? వాళ్లను కెమెరాకు చూపించమనలేదు."

"వాళ్లు ఎండకు కట్టుకున్నరు మేడం," అన్నాడు.

ఆ మాటను ఆ రోజంతా మనసులో తిప్పుకుంటూ ఉన్నాను. కెమెరాకు కావలసింది ముఖం. కప్పుకున్న కారణం ఎండ అయినా, దుమ్ము అయినా, నమ్మకం అయినా కెమెరాకు పడే బొమ్మ ఒకటే. అటువంటప్పుడు ఎండకు కట్టుకున్న గుడ్డను వదిలేసి నమ్మకం కొద్దీ కట్టుకున్న గుడ్డను మాత్రమే ఆపితే, అక్కడ తనిఖీ జరిగింది ముఖానికి కాదు. ఆ గార్డు చెడ్డవాడని నేను అనుకోవడం లేదు. నెలకు ఎంతో కొంత జీతానికి కాంట్రాక్టు మీద రోజంతా నిలబడే మనిషి, అమ్మా అనే పిలిచాడు, గొంతు పెంచలేదు. కానీ ఎవరిని ఆపాలి, ఎవరిని వదలాలి అన్నది అతని కంటికి వదిలేసినది శాఖ. ఆ కంటికి ఎవరు అలవాటైన వారో వారు లోపలికి పోతారు, ఎవరు కొత్తగా కనబడతారో వారు మెట్ల మీద నిలబడతారు. వివక్ష అంటే తిట్టడమో తరిమేయడమో మాత్రమే అనుకుంటాం. అద్దాల తలుపు దగ్గర నలుగురి ముందు రెండు నిమిషాలు ఆపి ఉంచడం కూడా అదే పని చేస్తుంది. ఖాలా చేతిలో పాస్‌బుక్ పెట్టుకున్న ప్లాస్టిక్ సంచి ఉంది. దాని అంచును ఆమె వేళ్లతో మడుస్తూ, విప్పుతూ, మళ్లీ మడుస్తూ నిలబడ్డారు. మెట్ల కింద పండ్ల బండి దగ్గరి వాళ్లు తలెత్తి చూస్తున్నారు. "బిడ్డా, పోదాం పా. మళ్లెప్పుడన్న వద్దాం," అన్నారు నాతో.

లోపలి నుంచి ఒక అధికారి వచ్చి "సరే రానియ్యి" అనడంతో ఆ రోజుకు లోపలికి వెళ్లగలిగాం. రూలు అంత అవసరమైనదే అయితే అధికారి ఒక్క మాటతో ఎట్లా ఆగింది? అవసరం లేనిదైతే అసలు ఎందుకు ఆపారు?

గుర్తింపు తనిఖీయే వద్దు అనేవారితో నేను ఏకీభవించను. ముసలివాళ్ల పింఛన్లను వేరే వాళ్లు తీసుకుపోయిన సంగతులు మన ఊళ్లలో వినబడుతూనే ఉంటాయి. ఖాతా తనదే అని చూపించుకోవడం ఖాలాకే రక్షణ, ఆమె కూడా చూపించనని ఒక్కసారీ అనలేదు. ఇక దొంగల భయం అంటారా, 2024 నవంబరులో వరంగల్ జిల్లా రాయపర్తిలో ఒక బ్యాంకు శాఖ నుంచి దాదాపు 19 కిలోల బంగారం పోయింది. ఆ దొంగలు రాత్రిపూట కిటికీ గ్రిల్ తొలగించి లోపలికి దిగి, గ్యాస్ కట్టర్‌తో లాకరు కోశారు. పట్టపగలు ముందు తలుపు నుంచి వచ్చినవారు కారు. ముందు తలుపు దగ్గర జాగ్రత్త వద్దని కాదు, ఆ జాగ్రత్త భారమంతా పింఛను కోసం వచ్చిన ఒక ముసలామె మీద పడడం సరికాదని నా మాట.

తనిఖీని గౌరవంగా చేయడం కష్టం కాదని నాకు స్వయంగా తెలుసు. ప్రభుత్వ పాఠశాలలో పనిచేసే టీచరుగా నాకు ఎన్నికల డ్యూటీలు పడుతుంటాయి. 2023 నవంబరు 30న జరిగిన శాసనసభ ఎన్నికల్లో, తరువాత 2024 మే 13న జరిగిన లోక్‌సభ ఎన్నికల్లో పోలింగ్ అధికారిగా కూర్చున్నాను. బురఖాతో వచ్చే ఓటర్ల గుర్తింపును మహిళా సిబ్బందితో, చాటున, వారి మర్యాదకు భంగం రాకుండా చేయించాలని ఎన్నికల సంఘం చెబుతుంది. మా కేంద్రం ఒక పాఠశాల తరగతి గది. నల్లబల్లకూ గోడ మూలకూ మధ్య ఒక దుప్పటి కట్టుకున్నాం. వచ్చిన ప్రతి ఆమెనూ "అమ్మా, ఒక్క నిమిషం ఇటు రండి" అని పిలిచి, ఓటరు కార్డు మీది ఫొటోతో పోల్చి చూసి పంపాను. ఒక్కొక్కరికి పట్టిన సమయం అర నిమిషం కూడా లేదు. ఒక్కరూ కాదనలేదు, ఒక్కరూ నొచ్చుకోలేదు. దుప్పటి మా ఆయాది, తాడు బడిలోది, ఖర్చు ఏమీ లేదు. ఒక్కరోజు కోసం కూడగట్టిన బడి గదిలో చేయగలిగినది, ఏసీ గదులున్న బ్యాంకు శాఖ ఏడాది పొడవునా ఎందుకు చేయలేకపోతున్నదో నాకు అర్థం కాదు.

లోపల మాకు ఎదురైనది రెండో లోపం. నేనూ ఖాలా ఒకే ఫారం నింపాం, ఒకే రకం కాగితాలు ఇచ్చాం, ఆధార్ జిరాక్స్, రెండు ఫొటోలు. నాకు అడిగినవి ఫోను నంబరు, సంతకం. ఖాలాను అడిగినవి: ఎప్పటి నుంచి ఇక్కడ ఉంటున్నారు, అంతకు ముందు ఎక్కడ, కొడుకులు ఏం చేస్తారు, ఇల్లు సొంతమా కిరాయా, ఆధార్‌లో ఉన్న పేరుకూ పాస్‌బుక్ మీది పేరుకూ ఒక అక్షరం తేడా ఎందుకు ఉంది. చివరి ప్రశ్న న్యాయమైనదే. ఉర్దూ పేరును ఒకచోట ఒక రకంగా, ఇంకొకచోట ఇంకొక రకంగా ఇంగ్లీషులో రాసినది ఖాలా కాదు, ఆయా కార్యాలయాల గుమస్తాలు. అయినా ఆ తేడాను సరిచూసుకోవలసిందే. మిగిలిన ప్రశ్నలకు ఫారంలో గడి కూడా లేదు. ఫారంలో లేని ప్రశ్న ఒకరిని అడిగి ఒకరిని అడగకపోతే, ఆ ప్రశ్న ఎక్కడి నుంచి వచ్చినట్టు?

ఇక్కడ ఖాతాదారులకు ఉపయోగపడే ఒక సంగతి చెప్పాలి. వివరాల్లో మార్పు ఏమీ లేకపోతే కేవైసీని తాజా చేసుకోవడానికి స్వయం ధ్రువీకరణ చాలునని, దాన్ని నమోదైన ఫోను నంబరు నుంచో, ఏటీఎం ద్వారానో, ఉత్తరం ద్వారానో ఇవ్వవచ్చునని, అందుకోసం శాఖకు రావలసిన పని లేదని రిజర్వు బ్యాంకు 2023 జనవరి 5న స్పష్టంగా చెప్పింది. 2025 జూన్‌లో చేసిన సవరణతో ఊళ్లలో బ్యాంకు తరఫున పనిచేసే బ్యాంకు మిత్రల ద్వారా కూడా ఆ ధ్రువీకరణ ఇవ్వవచ్చు. గడువుకు ముందు బ్యాంకు కనీసం మూడుసార్లు తెలియజేయాలి, అందులో ఒకటి ఉత్తరం కావాలి. ఖాలాకు ఉత్తరం రాలేదు. వచ్చి ఉంటే ఎవరో ఒకరితో చదివించుకుని ఉండేవారు, మెట్ల మీద నిలబడే అవసరమే ఉండేది కాదు. పేరులో అక్షరం తేడా ఉన్నందుకు ఆమె విషయంలో రావలసి వచ్చిందని శాఖవారు తరువాత చెప్పారు. అయితే ఆ ముక్క మొదటి రోజు ఎవరూ చెప్పలేదు. ఫారాలు కూడా హిందీ, ఇంగ్లీషుల్లో ఉన్నాయి, తెలుగువి అయిపోయాయట. ఉర్దూ 2017 నుంచి రాష్ట్రమంతటా రెండో అధికార భాష. ఉర్దూ ఫారం సంగతి అడిగితే ఉద్యోగి నవ్వి ఊరుకున్నాడు.

పని ఆ రోజు పూర్తి కాలేదు. నేను ఇంటికి వచ్చి మేనేజర్ పేరిట ఒక ఉత్తరం రాశాను. కోపంతో రాయలేదు, జరిగినది వరుసగా రాశాను. రిజర్వు బ్యాంకు 2014 డిసెంబరులో ప్రకటించిన ఖాతాదారుల హక్కుల పత్రంలో మొదటి హక్కే న్యాయమైన సేవ పొందే హక్కు అని, స్త్రీ పురుష భేదం, వయసు, మతం, కులం, శారీరక సామర్థ్యం వంటి కారణాలతో వివక్ష చూపరాదని అందులో ఉన్నదని గుర్తు చేశాను. రాజ్యాంగం 15వ అధికరణంలోని రెండో భాగం దుకాణాల్లోకి, హోటళ్లలోకి వెళ్లే విషయంలో మతం, జాతి, కులం, లింగం, పుట్టినచోటు కారణంగా ఏ పౌరుడికీ ఆంక్ష పెట్టరాదంటుంది. అందులో దుకాణం అనే మాటకు అర్థం ఎంతవరకు అని రాజ్యాంగ సభలో అడిగినప్పుడు, 1948 నవంబరు 29న అంబేద్కర్ దానిని విశాలమైన అర్థంలో వాడామని, సేవ అందించేవారందరికీ వర్తిస్తుందని వివరించారు. ఆ మాట కూడా ఉత్తరంలో రాశాను. ముప్పై రోజుల్లో జవాబు రాకపోతే, బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వు బ్యాంకు అధికారి అయిన అంబుడ్స్‌మన్‌కు వెళ్లవచ్చు. 2021 నవంబరు 12న ఏకీకృత పథకం వచ్చిన నాటి నుంచి బ్యాంకుల మీద ఫిర్యాదులకు ఒకే చోటు ఉంది, 14448 నంబరుకు ఫోను చేస్తే దారి చెబుతారు. నాకు ఆ అవసరం రాలేదు. వారం తిరగకముందే మేనేజర్ స్వయంగా ఫోను చేశారు. ఆ సంగతికి శాఖను మెచ్చుకోవాలి.

మే నెలలో రెండోసారి వెళ్లినప్పుడు ఒక యువతి, కౌంటరులో కొత్తగా చేరిన ఉద్యోగి, మెట్ల దాకా ఎదురు వచ్చింది. "రండమ్మా" అని ఖాలాను లాకరు గది ముందున్న చిన్న గదిలోకి తీసుకుపోయింది. తలుపు దగ్గరగా వేసి, ఫొటోతో పోల్చి చూసి, సంతకం పెట్టించుకుని బయటికి వచ్చారు. టోకెన్ తెర మీద రెండు నంబర్లు కూడా మారలేదు. ఖాలా వచ్చి నా పక్కన కూర్చుని, "ఆ పిల్ల నా మొహం చూసి, ఫొటోల కంటె ఇప్పుడే మంచిగున్నరు ఖాలా అన్నది," అని చెప్పారు. ఆ రోజంతా ఆమె నవ్వు ముఖంతోనే ఉన్నారని కళ్లను చూస్తే తెలిసింది.

ఆ రోజు పేరులోని అక్షరం సవరణ కాగితాలు పై అధికారి సంతకానికి పోవడంతో మేము గంటకు పైగా తలుపుకు ఎదురుగా కూర్చోవలసి వచ్చింది. ఆ గంటసేపూ గమనించాను. స్కార్ఫు కట్టుకున్న ఏ అమ్మాయినీ గార్డు ఆపలేదు. బురఖాలో వచ్చిన ఇద్దరినీ ఆపాడు. వారికి ఆడ ఉద్యోగి ఎవరూ ఎదురు రాలేదు. మా కోసం చేసిన ఏర్పాటు మా కోసం మాత్రమే చేసినదని అప్పుడు తెలిసింది. ఉత్తరం రాయగలిగిన టీచరు వెంట ఉన్న ఖాతాదారుకు చిన్న గది, లేనివారికి మెట్లు. దీన్ని సేవ మెరుగుపడడం అనలేను.

అదే గంటలో చూసిన మరో రెండు సంగతులు కూడా ఈ విషయంలో భాగమే. ఎన్ఐటీలో చదివే విద్యార్థి ఒకడు, ఈశాన్య రాష్ట్రాల అబ్బాయి, ఖాతా తెరవడానికి వచ్చాడు. ఆ సంస్థ 1959లో ప్రాంతీయ ఇంజినీరింగ్ కళాశాలగా మొదలైన నాటి నుంచీ దేశం నలుమూలల పిల్లలు కాజీపేట స్టేషన్లో దిగి ఇక్కడికి వస్తున్నారు, మన ఊరికి వారు కొత్త కాదు. కౌంటరు ఉద్యోగి ఆ అబ్బాయి ఆధార్ కార్డును చేతిలో పట్టుకునే "పాస్‌పోర్టు, వీసా ఏవి?" అని హిందీలో అడిగాడు. కార్డు మీద అరుణాచల్ ప్రదేశ్ చిరునామా ఉంది. అబ్బాయి చాలా ఓపికగా, ఈ ప్రశ్న మొదటిసారి విన్నవాడిలా కాకుండా, "నేను భారతీయుడిని సార్" అన్నాడు. నేపాలా అని పక్క కౌంటరు నుంచి ఇంకొకరు అడిగారు. 2014 జనవరిలో ఢిల్లీలో అరుణాచల్ విద్యార్థి నిడో తానియా దాడిలో చనిపోయిన తరువాత, ఈశాన్య ప్రజల పట్ల వివక్షను పరిశీలించడానికి కేంద్రం బెజ్‌బారువా కమిటీని వేసింది. అన్నేళ్ల తరువాత కూడా, కార్డు చేతిలో ఉండగానే ముఖం చూసి కార్డును నమ్మకపోవడం జరుగుతున్నది. ఖాలా విషయంలో ముఖం కనబడలేదని అనుమానం. ఈ అబ్బాయి విషయంలో ముఖం పూర్తిగా కనబడుతుండగానే అనుమానం. రెంటినీ పక్కపక్కన పెట్టి చూసిన తరువాత, గుడ్డ ఒక్కటే కారణం అన్న మాట నేను ఒప్పుకోలేను.

ఇంకొకటి లంబాడా అవ్వ సంగతి. నర్సంపేట వైపు తండా నుంచి వచ్చానని పక్కనున్న ఆమెతో చెబుతుంటే విన్నాను. పొలం పనులకు అరిగిన వేళ్లు, వేలిముద్ర యంత్రం తీసుకోలేదు. మన ఉత్తర తెలంగాణలో ఇది అందరికీ తెలిసిన కష్టమే, ఏళ్ల తరబడి బీడీలు చుట్టినవారికీ వేలిముద్రలు సరిగా పడవు. అప్పుడు ట్యాబ్‌లో ముఖం పట్టించాలన్నారు. అవ్వను కిటికీకి వీపు పెట్టి కూర్చోబెట్టారు. మిట్టమధ్యాహ్నం వెలుతురు అంతా ఆమె వెనుక నుంచి వస్తున్నది, ట్యాబ్ తెరమీద ఆమె ముఖం నల్లని మచ్చలా కనబడుతున్నది. మూడుసార్లు ప్రయత్నించి, "నల్లగున్నవ్, అందుకే పడుతలేదు" అన్నాడు ట్యాబ్ పట్టుకున్న ఉద్యోగి. అందరూ విన్నారు. అవ్వ తలవంచుకుని కొంగుతో ముఖం తుడుచుకున్నది, తుడిస్తే పడుతుందేమో అన్నట్టు. అప్పుడు ఖాలాను లోపలికి తీసుకుపోయిన ఆ యువతే వచ్చి, కుర్చీని పట్టుకుని గుండ్రంగా తిప్పి, అవ్వ ముఖం కిటికీ వైపు ఉండేట్టు కూర్చోబెట్టింది. ఈసారి మొదటి ప్రయత్నంలోనే ముఖం పడింది.

యంత్రాలకు పక్షపాతం ఉండదని చాలామంది నమ్ముతారు. 2018లో జాయ్ బువోలమ్విని, టిమ్నిట్ గెబ్రూ అనే, అమెరికాలో పనిచేసే పరిశోధకులు మూడు సంస్థల ముఖ విశ్లేషణ సాఫ్ట్‌వేర్లను పరీక్షించారు. ముఖం చూసి ఆడా మగా చెప్పడంలో ఆ సాఫ్ట్‌వేర్లు తెల్లని ఛాయ గల పురుషుల విషయంలో చేసిన తప్పులు 0.8 శాతానికి మించలేదు, నల్లని ఛాయ గల స్త్రీల విషయంలో మాత్రం 34.7 శాతం దాకా పోయాయి. బ్యాంకులో వాడేది వేరే పనికి వాడే సాఫ్ట్‌వేర్, దానికి ఇవే లెక్కలు వర్తిస్తాయని అనడం లేదు. అయితే యంత్రం ఆగినప్పుడు తప్పు మనిషి రంగుది అనుకోవాలా, కుర్చీ పెట్టిన తీరుది అనుకోవాలా అన్నది మాత్రం అక్కడ ఉన్న ఉద్యోగి చేతిలో ఉంది. ఒకరు రంగు చూశారు, ఒకరు కిటికీ చూశారు. ముఖాల మీద ఆధారపడే పనులు మన రాష్ట్రంలో ముందు నుంచీ ఎక్కువే. 2020 జనవరిలో కొంపల్లి మున్సిపల్ ఎన్నికల్లో కొన్ని పోలింగ్ కేంద్రాల్లో ఓటర్ల ముఖాలను ఫోను కెమెరాతో సరిచూసే ప్రయోగం చేశారు. హైదరాబాదులో 2021లో పోలీసులు ఆపి మాస్కు తీయించి ఫొటో తీశారని ఒక సామాజిక కార్యకర్త వేసిన పిటిషను మన హైకోర్టు దాకా వెళ్లింది. రేపు ప్రతి కౌంటరు మీదా ఒక కెమెరా ఉంటుంది. కుర్చీని ఎటు తిప్పాలో తెలిసిన మనుషులు దాని వెనుక ఉండడం అందుకే ముఖ్యం.

ఈ శాఖ చేయవలసినవి నా దృష్టిలో పెద్ద పనులు కావు. తలుపు మీది రూలు అమలు చేస్తే స్కార్ఫుకూ తువ్వాలకూ నఖాబుకూ ఒకే తీరున చేయాలి, లేదా తలుపు దగ్గర వదిలేసి కౌంటరు దగ్గర సరిచూసుకోవాలి. రెండోదే మంచిదని నా అభిప్రాయం, ఎందుకంటే డబ్బు మారేది కౌంటరు దగ్గరే. ఆ చిన్న గది ముందు, ముఖం చూపించదలచిన స్త్రీలకు మహిళా ఉద్యోగి అందుబాటులో ఉంటారని తెలుగులో, ఉర్దూలో ఒక బోర్డు పెడితే అడగడానికి జంకేవారికి ధైర్యం వస్తుంది. కౌంటరు వారికి ఫారంలో ఉన్న ప్రశ్నలే అడగమని గట్టిగా చెప్పాలి. అవ్వతో అన్న ఆ మాటకు మాత్రం శిక్షణ చాలదు, ఆమెకు క్షమాపణ చెప్పవలసింది. ఇదంతా రెండో ఉత్తరంలో రాసి మేనేజర్ చేతికే ఇచ్చాను. ఆయన ఓపికగా చదివారు, కాదనలేదు. బోర్డు సంగతి పై కార్యాలయాన్ని అడగాలన్నారు.

జూన్ మొదటి వారంలో మూడోసారి పాస్‌బుక్ అచ్చు వేయించుకోవడానికి నేనొక్కదాన్నే వెళ్లాను. బోర్డు రాలేదు. తలుపు మీది కాగితం అట్లాగే ఉంది, గార్డు మాత్రం బురఖాలో వచ్చిన ఒకామెను ఆపకుండా "లోపల మేడంను కలువుండ్రి" అని కౌంటరు వైపు చూపించాడు. ట్యాబ్ దగ్గరి కుర్చీ కిటికీ వైపు తిరిగి ఉంది, నేలమీద దాని కాళ్ల చోట తెల్ల టేపు ముక్కలు అంటించి ఉన్నాయి. ఈ రెండు మార్పులను చూసి, ముందు ఇద్దామనుకున్న రెండు నక్షత్రాలను మూడు చేస్తున్నాను. బోర్డు వచ్చిన రోజున, కౌంటరు ప్రశ్నలు అందరికీ ఒకటే అయిన రోజున నాలుగోది ఇస్తాను.

ఖాలా ఖాతా తెరుచుకుంది, ఆగిన పింఛను కలిసి పడింది. అయితే ఆమె డబ్బు తీసుకోవడానికి ఆ శాఖకు వెళ్లడం మానుకున్నారు. మా వీధి చివర కిరాణా పక్కన బ్యాంకు మిత్రగా కూర్చునే అమ్మాయి దగ్గరికి వెళ్తున్నారు. ఆ అమ్మాయి కొట్టు వెనుక అరుగు మీదికి పిలిచి, అక్కడే వేలిముద్ర పట్టించి, డబ్బు లెక్కపెట్టి చేతికి ఇస్తుంది. ఒక్కొక్కసారి రూపాయల సంచి నా చేతికిచ్చి మళ్లీ లెక్కపెట్టమంటారు ఖాలా, నేను రెండువేల పదహారు అని చెప్పేదాకా గుమ్మంలోనే నిలబడతారు.